మూల మంచం

12 మే 2024, నల్గొండ.

బిక్షమ్మ వదినకు,

పొద్దున వాకిలి ఊడ్చాను, బియ్యం చెరిగాను, అత్తమ్మ చీరలు ఉతికి ఆరేశాను. ఇక రాయక తప్పదు.

అత్తమ్మకు మాట ఎట్లా పడిపోయిందని నువ్వు ఫోనులో అడిగితే చెప్పలేకపోయాను. ఎమర్జెన్సీ వార్డులో ముందు నర్సు బల్ల ఎదుటి మంచమే ఇచ్చారు. అక్కడ నేను తీసుకెళ్లిన టేబుల్ ఫ్యాను పెట్టడానికి ప్లగ్గు లేదు.

"ఉక్కపోతకు ఆగమైతాంది చెల్లె, జర మూలకు మార్చు" అని నేనే బతిమాలాను.

"గీడుంటే మా కండ్ల ముందట ఉంటది అక్కా" అంది నర్సు. నేను వినలేదు.

మూల మంచం పక్కన ఫ్యాను పెట్టాను. చల్లగాలికి నిద్రపోతోందనుకున్నాను. నర్సు వచ్చి చూసేసరికి మూతి వంకర పోయి ఉంది. ముందే చూడాల్సిందన్నాడు డాక్టరు.

మంచం నేనే మార్పించానని మీ తమ్ముడికి ఇంకా చెప్పలేదు.

పక్కింటి కోమల దగ్గర అరువు తెచ్చిన ఆ ఫ్యాను తుడిచి, ఇందాకే ఇచ్చేశాను. ఆ ఒక్క బాకీ తీరింది.