ఎడమ బూట్లు కూడా సర్దాం

గోపాలపట్నం,
ఆదివారం.

మా సత్యశ్రీకి అమ్మ దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నువ్వూ వేళకు తింటూ, ఒంటిని చూసుకుంటున్నావని తలుస్తున్నాను. నీ ఉత్తరం బుధవారం అందింది. ట్రైనింగులో ఇచ్చిన పోలీసు బూట్లు మడమ దగ్గర కరిచి బొబ్బలెక్కాయని రాశావు. కొబ్బరినూనె రాయి. మేజోళ్ళు రోజూ మార్చు. పడుకునే ముందు అరికాళ్ళు చేత్తో తడిమి చూసుకో, నొప్పి లేకపోయినా సరే. ఇది మాత్రం మరవకు.

ఉన్నట్టుండి ఇల్లెందుకు మారుతున్నారని అడిగావు. పూర్ణా మార్కెట్ వెనక మీ ఎల్లాజీ మామయ్య ఇంట్లో కింది వాటా ఖాళీ అయింది. శుక్రవారం సామాను తీసుకెళ్తాం. సర్దడం జోళ్ళతో మొదలుపెట్టాను. ఈ ఊరి గాలికి తోలు ఊరికే బూజు పడుతుంది కదా, అన్నీ దులిపి డాబా మీద ఆరబెట్టాను. ముందుభాగం నొక్కుకుపోకుండా లోపల పేపరు ఉండలు కుక్కి, జతకు జత పాత దిండు గలీబుల్లో చుట్టాను. బరువైనవి అట్టపెట్టె అడుగున, చెప్పులు పైన. పాలిథిన్ కవర్లో బిగిస్తే చెమ్మ పట్టేస్తుందని వాడలేదు. నీ కాలేజీ చెప్పులు తెగినా పారేయలేదు, నువ్వొచ్చి చూసుకో.

ఇంకొకటి కూడా అడిగావు. వీడియో కాల్ చేసినప్పుడల్లా నాన్న మంచం మీదే కూర్చుని మాట్లాడతారేం అని. దానికి జవాబు రాయడానికే ఇంతసేపూ చుట్టూ తిరుగుతున్నాను. ఫోన్లో చెప్పలేకపోయాను.

మేమిద్దరం బాగున్నాం అని రాశాను. అది పూర్తి నిజం కాదు తల్లీ. వానాకాలంలో నాన్న డ్యూటీ బూటులో చిన్న ఇనపముక్క పడింది. షుగరు వల్ల అరికాలికి స్పర్శ లేదు, ఆయనకు తెలియలేదు. అలాగే పోర్టులో రోజంతా తిరిగారు. పుండు పడిన సంగతి వాసన వచ్చాకే తెలిసింది. అప్పటికే ఆలస్యమైంది. ఎడమకాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

ఆసుపత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట. "పాపకి సెప్పీకు. తెలిస్తే ట్రైనింగు వొగ్గీసి వచ్చీస్తాది." నేను ఒప్పుకున్నాను. మూడో అంతస్తు మెట్లు ఎక్కలేకే ఈ ఇల్లు వదులుతున్నాం.

ఇప్పుడు పుండు మానింది. పెట్టుడు కాలికి కొలతలివ్వడానికి రమ్మని డాక్టరుగారు ఎన్నిసార్లు చెప్పినా ఆయన కదల్లేదు. గోడవైపు తిరిగి పడుకునేవారు. నేను అడగడం కూడా మానేశాను.

నిన్న ఆయన నిద్రపోతున్నారు కదా అని ఆయన జోళ్ళు ముందేసుకున్నాను. కుడికాలివి పెట్టెలో పెట్టాను. ఎడమకాలివి కంటపడితే బాధపడతారని గోనెసంచిలో వేస్తున్నాను. కర్రల చప్పుడు వినిపించి తలెత్తితే ఎదురుగా ఉన్నారు.

"ఏటే, ఏటి సేత్తన్నావ్?"

"ఏట్నేదండీ. జోళ్ళు సద్దుతన్నాను."

సంచి మూతి కర్రతో విప్పి లోపలికి చూశారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన గోడ పట్టుకుని మెల్లగా కిందకి జారి నా పక్కన కూర్చున్నారు. కాలు తీసేశాక నేలమీద కూర్చోవడం అదే మొదలు.

"నాను సచ్చిపోయానేటే, ఇవన్నీ మూట కట్టీడానికి?"

"అలాగనీకండీ. మీరు సూస్తే బాధపడతారని..."

"పెట్టుడు కాలు పెట్టీసినాక దానికి బూటు అక్కర్నేదేటి? ఒక్క బూటేసుకుని డ్యూటీకెల్లమంతావా?"

కొలతల మాట ఆయనంతట ఆయన ఎత్తడం అప్పుడే విన్నాను. సంచిలోంచి ఎడమ బూట్లన్నీ తీసి తుడిచారు. "ఇంత ఒదులుగా కుక్కితే ఎలాగ? బూటు ముక్కు అణిగిపోతాది" అని నన్ను కసిరి, పేపరు తనే బిగించి పెట్టారు. కుడిదాని పక్కన ఎడమది చేర్చి, అన్ని జతలూ తనే చుట్టారు. రేపు ఆసుపత్రికి వెళ్తున్నాం. ఆటో కూడా తనే మాట్లాడారు.

"మరి పాపకి రాయనా?" అన్నాను. కిటికీలోంచి బయటికి చూస్తూ, "రాయి. రావొద్దని రాయి" అన్నారు. కోపం వస్తే నా మీద చూపించు, ఆయన్ని ఏమీ అనకు. ఏడుపు వస్తే ఏడువు. పొద్దున్న మాత్రం గ్రౌండుకు వెళ్ళు.

మీ ట్రైనింగు ముగిసే రోజు పెరేడుకు తల్లిదండ్రుల్ని రానిస్తారటగా. ఆయనకు కుర్చీ వేయిస్తారేమో కనుక్కోమని నీకు రాస్తానన్నాను. ఆయన అట్టపెట్టెకు తాడు బిగిస్తూ తల కూడా ఎత్తలేదు.

"కుర్చీ ఎందుకే? మా పాప నా ముందునించి నడిసెల్తంటే నాను కూకుంటానేటి?"

ఇట్లు,
నీ రాక కోసం కాదు, ఆ రోజు కోసం చూస్తున్న
అమ్మ, గంగాభవాని.