స్థానికులు తెలిపారట

నవంబరు 14, శుక్రవారం
ఇంటి ముందుగది, సాయంత్రం

మూడో పేజీ విలేకరి, మా నాన్నకి స్వయానా తమ్ముడు అయిన బాబాయ్ గారికి,

మీ అన్నగారి కూతురు, డిగ్రీ రెండో సంవత్సరం, చేతులు జోడించాలని లేకపోయినా పెద్దవారు కదా అని జోడించి రాస్తున్నది. ఇక్కడ మేమెవరమూ క్షేమంగా లేము. మీరు క్షేమమేనని ఇవాళ్టి పేపర్ చూస్తే తెలుస్తూనే ఉంది. పంతొమ్మిదేళ్లుగా మిమ్మల్ని "నువ్వు" అన్నాను. ఈ ఉత్తరంతో "మీరు" అయిపోయారు. గౌరవం పెరిగిందేమో అని మురిసిపోకండి.

మంగళవారం మీ పేజీలో నాలుగు కాలమ్‌ల వార్త. "కునుకు తీస్తున్న గ్రంథాలయం" అని శీర్షిక. పనివేళల్లో రీడింగ్ రూమ్ గుమాస్తా బల్ల మీద తల వాల్చి నిద్రపోతోందని, పుస్తకం చీటీ మీద ఉండాల్సిన తేదీ ముద్ర ఆవిడ చెంప మీద తిరగబడి అచ్చయిందని, అది చూసి పాఠకులు ముక్కున వేలేసుకుంటున్నారని, ఇదంతా స్థానికులు తెలిపారని. ఆ గుమాస్తా మీ వదిన. బుధవారం పొద్దున్నే పైఆఫీసు నుంచి కాగితం వచ్చింది, విచారణ అయ్యేదాకా విధుల్లోకి రావద్దని. సోమవారం పదిన్నరకి విచారణ. అమ్మ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ గదిలో తేలుతుంది. అధికారి దగ్గరున్న సాక్ష్యం మీ వార్త ఒక్కటే.

రెండో గుమాస్తా రిటైరై తొమ్మిది నెలలైంది. ఆ కుర్చీలోకి ఇంతవరకూ ఎవరూ రాలేదు. పొద్దున ఏడింటికి తాళం తీసేదీ అమ్మే, రాత్రి ఎనిమిదింటికి వేసేదీ అమ్మే. ఇదంతా మా ఇంట్లో టీ తాగుతూ ఎన్నిసార్లు విన్నారు? నాలుగు కాలమ్‌లలో ఈ ఒక్క లైనుకి చోటు దొరకలేదా? పక్కనే తప్పిపోయిన పిల్లికి మాత్రం బాక్స్ కట్టి, ఫొటో వేసి, దాని అలవాట్లు కూడా రాశారు.

మా స్టాటిస్టిక్స్ మేడమ్ ఏదైనా పేపర్లో ఒక పదం ఎన్నిసార్లు వస్తుందో చూసి గ్రాఫ్ గీసుకురమ్మంటే నేను మీ పేజీ తీసుకున్నాను. ముప్పై రోజుల్లో "స్థానికులు" అరవై రెండుసార్లు. వాళ్లు ఆగ్రహం వ్యక్తం చేస్తారు, భయాందోళనలకు గురవుతారు, హర్షం వెలిబుచ్చుతారు, సాయంత్రానికి మళ్లీ ఆగ్రహిస్తారు. ఒక్కరికైనా పేరుండదు. మార్కెట్ వీధి గుంతలో లారీ చక్రం దిగబడిన రోజు నేను అక్కడే ఉన్నాను బాబాయ్ గారూ. ఎవరూ ఆగ్రహించలేదు. అందరూ ఫోన్లో వీడియో తీసుకున్నారు. ఒకాయన స్టీరింగ్ ఎటు తిప్పాలో చెప్పి చెప్పి డ్రైవర్ ప్రాణం తీశాడు. మర్నాడు మీ పేజీలో చూస్తే వీధి వీధంతా భగ్గుమంది. గడియారస్తంభం కథా అంతే. ఆ గడియారం ఆగి ఐదేళ్లయింది, మీ స్థానికులకి మొన్న తెలిసింది. నేనూ ఈ ఊళ్లోనే పుట్టాను, ఇక్కడే పెరిగాను. నన్ను మాత్రం ఎవరూ ఎప్పుడూ ఏమీ అడగలేదు.

నిన్న మీ ఆఫీసుకి వచ్చాను. మెట్ల కింద ఆ ఇరుకు గదిలో, కీబోర్డు పక్కన లంచ్ బాక్స్ తెరిచి పెట్టుకుని, తినకుండా కూర్చున్నారు. ఆ స్థానికులెవరో చెప్పమన్నాను. మీరు తలెత్తలేదు. వార్త ఎవరిచ్చారో చెప్పడం వృత్తిధర్మం కాదన్నారు. వదిన పరువు తీయడం ఏ ధర్మమని అడిగితే ఇంటికెళ్లి చదువుకోమన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇది రాస్తుంటే ఇంకా మండుతోంది.

నాన్న మీ ఫోన్ ఎత్తడం మానేశాడు. అమ్మ మాత్రం మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఖాళీగా ఉండలేక వంటింట్లో డబ్బాలన్నిటికీ చీటీలు అంటించి అకారాది క్రమంలో సర్దింది. పంచదార కావాలంటే కింది అరలో "ప" దాకా వంగాలి. మామూలుగా అయితే దాని మీద పది జోకులు వేసేదాన్ని. ఈసారి నోరు రాలేదు.

నేను అడిగేది ఒక్కటే. ఆదివారం పేజీలో, మంగళవారం వేసినంత పెద్ద అక్షరాలతోనే, ఆ వార్త ఎవరూ చెప్పలేదని, మీరే అల్లారని సవరణ వెయ్యండి. విచారణకి అది చాలు. వెయ్యకపోతే మా గడప తొక్కకండి. రేపెప్పుడో జరిగే నా పెళ్లికీ రావద్దు. సిగ్గు విడిచి వచ్చినా స్థానికుల వరసలో కూర్చోండి.

ఇట్లు,
ఒకప్పుడు మీ భుజాలెక్కి ఊరు చూసినందుకు ఇప్పుడు బాధపడుతున్న పిల్ల

తా.క.: కవరు అంటించాను, మళ్లీ చింపాను.

అమ్మ నిద్రపోయిన మాట నిజం. పనివేళ ముగిసి గది ఖాళీ అయ్యాక, తాళం వేసే ముందు, పావుగంట. అప్పుడే ముద్ర వేసిన చీటీ మీద చెంప ఆనింది. లేచి, అద్దం చూసుకోకుండా, ముఖానికి స్కార్ఫ్ చుట్టుకుని బస్సెక్కింది. ఆ తేదీని ఏ పాఠకుడూ చూడలేదు. నాన్న చూశాడు, నేను చూశాను. పోయిన ఆదివారం నువ్వు టీకి వచ్చినప్పుడు బల్ల మీద చెంప పెట్టి, గురక తీసి, నటించి చూపించింది నేను. పాఠకులు ముక్కున వేలేసుకున్నారని కలిపింది కూడా నేనే. నువ్వు పొట్ట పట్టుకుని నవ్వావు. అమ్మా నవ్వింది. నువ్వు జేబులోంచి చిన్న పుస్తకం తీసేసరికి నేనింకా రెచ్చిపోయాను. నన్నెవరూ అడగలేదన్నాను చూడు, అది నిజమే. అడక్కుండానే చెప్పాను.

మంగళవారం పేపర్ విప్పగానే నాకు తెలిసిపోయింది. అమ్మకీ తెలిసే ఉంటుంది. అందుకే నిన్నూ ఏమీ అనలేదు, నన్నూ ఏమీ అనలేదు. నిన్న నువ్వు తలెత్తకపోవడం ఎందుకో కూడా తెలిసే నీ మీద అరిచాను.

నీ మీద కోపం పోలేదు బాబాయ్. సొంత వదిన అని తెలిసీ రాశావు, పావుగంటని పనివేళలు చేశావు. కానీ ఎవరూ చెప్పలేదని మాత్రం వెయ్యకు, అది ఇంకో అబద్ధం. సోమవారం పదిన్నరకి అమ్మతో నేనూ వెళ్తున్నాను, ఏం జరిగిందో, నేను ఏం కలిపానో ఆ అధికారికి చెప్పడానికి. ధైర్యముంటే వచ్చి గుమ్మం దగ్గర నిలబడు. రాసుకుంటానంటే రాసుకో. "స్థానికులు తెలిపారు" అని మాత్రం రాయకు. "కూతురు తెలిపింది" అని రాయి. ఏకవచనంలోనే.