అరటిదొప్ప పడవ పైకి లేచింది

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ మీద నా కోపం మాత్రం పోలేదు. "ఏంటోయ్, బీరువా నిండా పుస్తకాలు చదివావు, ఒక్క మేకు తిన్నగా కొట్టలేవేంటి?" అని మా అమ్మాయి పెళ్ళిపందిట్లో నలుగురి ముందూ అన్నావు. అక్క మొహం చూసి ఊరుకున్నాను.

సెలవులకు మా ఇంటికొచ్చిన నీ మనవరాలు చిట్టి ధవళేశ్వరం లాకుల్లో నీళ్ళు నింపితే పడవ పైకి లేవడం చూసింది. ఇవాళ పెరట్లో ఇటుకలతో తనూ ఒక లాకు కట్టింది. తలుపులు అట్టతో చేయమని నేనే చెప్పాను. నీళ్ళు పోయగానే నాని కూలిపోయాయి.

"నువ్వూరుకో తాతయ్యా, అట్ట నానదేంటి?" అంది. అచ్చం నీ ఎగతాళే. లోపలికి పోబోయాను, కానీ అది ఏడుపు ఆపుకుంటోందని చూసి ఆగాను.

డబ్బా రేకు కత్తిరించి, రెండు తలుపులూ ఒకదానికొకటి ఆనుకుని, నీళ్ళొచ్చే ఎగువ వైపుకు మొన తేలేలా నిలబెట్టాను. అలా ఉంటే నీళ్ళ బరువే వాటిని మూసి ఉంచుతుందని ఎప్పుడో చదివాను. ఈసారి అరటిదొప్ప పడవ బెత్తెడు లేచింది.

"తాతయ్యా, నీకు పనొచ్చే!" అని చిట్టి అరిచింది.

రేకు తగిలి నా వేలు తెగింది, ఫరవాలేదు. రేపు రెండో లాకు కడదామంటోంది. రేకు అంచు మడవడం నాకు చేతకాదు, నీకొచ్చు. నువ్వుండగానే అడిగి నేర్చుకోవలసింది, బావా.