ముత్యమ్మ రోజూ చూసే పిట్ట

పోతిరెడ్డిపల్లి,
మార్చి 22, ఆదివారం.

నా బంగారు నిషితకు అమ్మ ఆశీస్సులు.

ఆ రోజు నేను చూసింది నిజంగా ఆ పక్షేనా? ఏడేళ్లుగా నన్ను నేను అడుగుతున్న ఈ మాటను, తెలియకుండానే నువ్వూ అడిగావు.

దేవుని దయవల్ల ఇక్కడ అందరం కులాసా. నాన్న దగ్గు తగ్గింది. బాతులు వెళ్లిపోయాయా అన్నావు. ఇంకా లేదు. తలమీద నల్లచారలున్నవి నిన్న పొద్దున నూట పద్నాలుగు లెక్కపెట్టాను. ఉత్తరాదికి పోయేముందు ఆబగా గడ్డి మేస్తున్నాయి.

ఇక అసలు సంగతి. నీ పరిశోధనలో రాస్తానని, నేను స్కిమ్మర్ అనే అరుదైన నది పక్షిని చూసిన రోజు నోట్‌బుక్ పేజీ ఫొటో పంపమన్నావు. ఫోన్లో సరేనన్నాను. పంపలేను తల్లీ.

ఏడేళ్ల కిందట మార్చిలో మా కాలేజీ పిల్లల్ని మంజీర ఒడ్డుకు తీసుకెళ్లాను. నీళ్లు తగ్గి బయటపడ్డ ఒండ్రులో ముత్యమ్మ అనే ఆమె పుచ్చపాదులకు నీళ్లు పోస్తోంది. ఎదురెండలో నారింజ ముక్కు పక్షి ఒకటి నీటిని రాసుకుంటూ పోయింది. స్కిమ్మర్‌కైతే ముక్కు కింది భాగం పొడుగ్గా ఉండాలి. అది నాకు కనబడలేదు.

"ఏంది మేడమ్ అది?" అని పిల్లలు ఒకటే గోల. "స్కిమ్మర్!" అనేశాను. చప్పట్లు కొట్టారు.

ముత్యమ్మ బిందె దించి నవ్వింది. "గిది రోజొచ్చే పిట్టనే గద మేడమ్! దీనికి సప్పట్లేంది? పొద్దుగూకులు నీళ్లు మోస్తున్న, నాకైతే ఎవ్వలు కొట్టరు."

పిల్లలు పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "నీకన్ని పిట్టలొక్కటే. నీ పుచ్చకాయలు నువ్వు సూస్కో పో" అన్నాను, ఆమె యాసనే వెక్కిరిస్తూ.

ఆ పేరు మంజీర పక్షుల జాబితాకెక్కింది, పేపర్లోనూ వచ్చింది. మరుసటేడు ఆ పక్షిని కాపాడాలని అధికారులు ఒడ్డుకు కంచె వేశారు. ఇసుక ట్రాక్టర్లు ఆగాయి, ముత్యమ్మ పాదులూ ఆగాయి. స్కిమ్మర్ మళ్లీ ఎవరికీ కనబడలేదు. పసుపు నారింజ ముక్కుల మామూలు నీటి పిట్టలు, టెర్న్‌లు, మాత్రం రోజూ ఎగురుతున్నాయి.

మొన్న ముత్తంగిలో ఆటో ఎక్కితే పక్కన ముత్యమ్మ. గోదాములో అట్టపెట్టెలు అంటించే పనట, వేళ్లనిండా గమ్ము.

"మీ పిట్ట మంచిగున్నదా మేడమ్?" అంది. వెటకారమనుకుని తలవంచుకున్నాను. "గప్పుడు ఎరకలేక నవ్విన. గంత పేరున్న పిట్టని నాకేం తెల్సు? ఏమనుకోకుండ్రి."

నాకే క్షమాపణ చెప్పింది, నిషితా. నేను "మంచిగున్నది" అన్నాను.

ఇంకొకటి ఉంది. ఆ పేజీలో పక్షి పేరు పక్కన మొదట ప్రశ్న గుర్తు పెట్టుకున్నాను. సాయంత్రం రబ్బరుతో చెరిపేశాను. కాగితం అక్కడ పలచబడి, గుర్తు ఇప్పటికీ కంటికి ఆనుతుంది. అందుకే నీకు పంపలేకపోయాను.

ఆ పేరు నీ పరిశోధనలో రాయకు. ఇంతవరకు ఖాయం. తప్పని నేను అధికారులకు రాసిస్తే కంచె పోతుందేమో. అప్పుడు ముత్యమ్మకంటే ముందు ట్రాక్టర్లు దిగుతాయేమో. ఈ భయం పక్షుల కోసమో, నా పరువు కోసమో కూడా నాకు తెలియడం లేదు. రాసివ్వాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను.

ఇట్లు,
నీకు ముఖం చూపించడానికి సిగ్గుపడుతున్న
అమ్మ,
బ్యూలా