క్లాసు గదిలో బొడ్రాయి

అవ్వా, నేను మంచిగనే ఉన్నాను, ఫికర్ పెట్టుకోకు. హాస్టల్లో ఫోన్లు తీసుకున్నారు, అందుకే ఈ కార్డు.

శుక్రవారం మా కాలేజీలో ఉత్తుత్తి పంచాయితీ ఉంది. బొగ్గు గని కోసం ఊరిని ఖాళీ చేయించే తగాదా. నాజ్నీన్ గని వాళ్ల తరఫు, ఇంకో పిల్ల కలెక్టరు, నేను ఊరి తరఫు. అచ్చం ఊరిలాగే ఉండాలని కాలువ గట్టు నుంచి ఒక రాయి తెచ్చి, ఊరి నడుమ పాతినట్టే గది నడుమ బొడ్రాయిగా నిలబెట్టాను. నీళ్లు పోసి పసుపు కుంకుమలు కూడా పెట్టాను. ఏ ఊరని సారు అడిగితే నోటికి మన ఊరి పేరే వచ్చింది.

రిహార్సల్ అయ్యాక తీయబోతే రాయి కదలలేదు. నలుగురం గుంజినా లేవలేదు. "ఒక్కదానివే చంకల పెట్టుకొచ్చినవ్ గదనే, ఇప్పుడేమైంది దీనికి?" అని నాజ్నీన్ రాయిని వదిలేసింది. కింద ఉన్నవి టైల్సే అవ్వా, ఒక్కటీ పగలలేదు.

తమ్ముడు చింటూకు దగ్గు తగ్గిందా? గని సర్వే వాళ్లు మన ఊరికి మళ్లీ వచ్చారా? నా పచ్చ చున్నీ, కొంచెం మామిడికాయ తొక్కు పంపు. బాపుకు దండాలు.

నీ బిడ్డ తిరుమల

అన్నట్టు, బాపును ఒకసారి ఊరి నడుమకు పోయి చూసి రమ్మను. మన బొడ్రాయి ఉన్నకాడనే ఉన్నదా?