పొగను పట్టే గుళికలు

అక్కా,

నువ్వు పోయింది ఇదే రోజున. నువ్వు పనిచేసిన కోయంబత్తూరు మిల్లు ఇంకా నడుస్తూనే ఉంది. నిన్న బాయిలరు పొగగొట్టానికి కొత్త యంత్రం బిగించి, నాతోబాటు పాత పనివాళ్లందరినీ చూడటానికి పిలిచారు. అందులో సగ్గుబియ్యంలాంటి తెల్లటి గుళికలు ఉన్నాయి. పొగ వాటి మధ్య నుంచి పోతుంటే కార్బన్ డయాక్సైడ్ వాటికి పట్టుకుంటుందట. తరవాత వేడిచేసి దాన్ని ట్యాంకులోకి తీస్తారట. మంచి పనే, కాదనను.

కానీ మేనేజరు "మనం ఆకాశాన్ని కాపాడుతున్నాం" అనేసరికి నాకు ఒళ్లు మండింది. దూదిని ఏకే కార్డింగు రూములో దూది దుమ్ము పీల్చి నీ ఊపిరి చెడిపోతుంటే, దుమ్ము లాగే ఫ్యాను పెట్టమని అడిగావు. మూతికి కొంగు కట్టుకోమన్నారు.

నేను లేచాను. "కంటికి అగపడని గాలిని పట్టేదానికి మిషను వచ్చిండాది కదా సార్. కంటికి అగపడే పంజు దుమ్మును, ఈ దూది దుమ్మును పట్టేదానికి ఏమీ రాలేదా?"

"అదంతా పళయ కథమ్మా, ఎప్పుడో పాతబడింది" అన్నాడు మేనేజరు.

"పళయ కథనా? అయితే కార్డింగు రూము తెరిచి చూపీండి!"

ఆయన కదల్లేదు. యంత్రం తయారుచేసిన ఇంజనీరు అమ్మాయే వెళ్లి తలుపు తీసింది. లోపల ఒడిశా నుంచి వచ్చిన ఆడపిల్లలు మూతికి చున్నీలు కట్టుకుని దగ్గుతున్నారు.

ఇవాళ పొద్దున మిల్లు గేటు ముందు కూర్చున్నాను. ఫ్యాన్లు పెట్టేదాకా లేవనని వాచ్‌మన్‌కి చెప్పాను. షిఫ్టు వదిలాక ఆ పిల్లల్లో ఇద్దరు నా దగ్గరికొచ్చారు. వాళ్ల భాష నాకు రాదు, మన భాష వాళ్లకు రాదు. చెప్పులు విడిచి, నా పక్కనే కూర్చున్నారు.

నీ చెల్లెలు