సీమనూనె కారు

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నీ పటానికి దండ వేసి, తమ్ముడితో ఆదోని వెళ్లాను. మంత్రాలయానికి బాడుగకు తిప్పుదామని వాడొక పాత చిన్న కారు చూసిపెట్టాడు. నువ్వుంటే, నేసిన చీరలాగే దాన్నీ తిరగేసి చూసేవాడివి.

అది పెట్రోలుతో మొదలై, వేడెక్కాక కిరసనాయిలుతో నడిచే బండి. అమ్మే ఆయనే మమ్మల్ని ఎమ్మిగనూరు రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. అప్పుడే వాన వెలిసింది. ఊరు దాటాక ఆయన మీట తిప్పాడు. కాసేపటికి కారంతా కిరసనాయిలు వాసన.

తమ్ముడు అద్దం దించేశాడు. "ఈ సీమనూనె వాసనకు ఎవురెక్కుతారక్కా? మనకొద్దులే."

వాడన్నది నిజమే. కారు వద్దనే చెప్పాం.

తెల్లారకముందే లాంతరు పెట్టుకుని మగ్గం గుంతలో దిగేవాడివి. వెలుగొచ్చాక నన్ను లేపడానికి వంగితే నీ చొక్కా నిండా ఇదే వాసన. ఆ చొక్కాలు పంచిపెట్టేశాం. మగ్గం మీద ఇప్పుడు కరెంటు బల్బు ఉంది.

కారు ఆదోని వైపు తిరిగింది.

"దుమ్మొస్తాందప్పా, అద్దం ఎత్తు," అన్నాను.

తమ్ముడు తడి రోడ్డు వైపు చూశాడు. అద్దం ఎత్తాడు.